కౌంటర్ వెనక మనిషి నోరు విప్పిన కథ

డ్యూటీలో ఉండి ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయినవాళ్ళు ఉంటారు. విన్నా, పేర్లూ సంవత్సరాలూ ఒకచోట ఉంటే బాగుండును అనుకునేవాళ్ళూ ఉంటారు. వాళ్ళ కోసం దాన్నే కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను.

1952లో అమెరికన్ ఫార్మాస్యూటికల్ అసోసియేషన్ తన సభ్యులకి ఒక నియమావళి ఇచ్చింది. అందులో ఒక నియమం ఇవాళ చదివితే నమ్మబుద్ధి కాదు. డాక్టరు రాసిన మందు దేనికి పనిచేస్తుందో, అందులో ఏముందో ఫార్మసిస్టు పేషెంటుతో మాట్లాడకూడదు. పేషెంటే నోరు తెరిచి అడిగినా, "మీ డాక్టరుగారినే అడగండి" అని పంపించెయ్యాలి. నాలుగేళ్ళు కాలేజీలో మందుల గురించే చదువుకున్న మనిషి, మందు చేతికిచ్చి నోరు మూసుకోవాలి. మర్యాద అంటే అది అన్నమాట ఆ రోజుల్లో.

1993 జనవరి 1 నుంచి అదే దేశంలో కథ తిరగబడింది. పేషెంటు అడక్కపోయినా సరే, "ఈ మందు గురించి మీతో మాట్లాడతాను" అని ఫార్మసిస్టే ముందుకు రావాలని చట్టం వచ్చింది. అదే 1993 జూలైలో మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బుకి, దాని నడకని నెమ్మదింపజేసే మొట్టమొదటి మందుకి ఎఫ్.డి.ఎ. అనుమతి ఇచ్చింది. రెండూ ఒకే ఏడాది రావడం కాకతాళీయమే. కానీ ఆ మందు పేషెంటు ఇంట్లో కూచుని తనకి తానే సూది వేసుకోవాల్సిన మందు. మాట్లాడే ఫార్మసిస్టు లేకపోతే ఆ మందు సగం పనే చేస్తుంది. ఈ వారం చెప్పుకునేది ఆ సంగతే.

మన ఇళ్ళల్లో పేరు లేని జబ్బు

మల్టిపుల్ స్క్లెరోసిస్‌ని అందరూ ఎం.ఎస్. అంటారు. కరెంటు వైరు మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే మన నరాల మీద మైలిన్ అనే పొర ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరపాటు పడి ఆ పొరని కొరికేస్తుంది. మెదడులో, కళ్ళ నరాల్లో, వెన్నుపాములో ఎక్కడ దెబ్బ తగిలితే అక్కడ లక్షణం. ఒకరికి ఒక కన్ను మసకబారుతుంది. ఒకరికి కాలు తిమ్మిరెక్కి వారాల తరబడి వదలదు. ఇంకొకరికి ఎంత పడుకున్నా తీరని నీరసం. చాలామందిలో వచ్చి పోతుంది, మళ్ళీ వస్తుంది. 1868లో పారిస్‌లో షార్కో అనే డాక్టరు దీన్ని విడిగా గుర్తించి వివరించాడు.

ఇండియాలో ఇది తక్కువ. అందుకే మనవాళ్ళు "నరాల బలహీనత" అనో, "విటమిన్ తక్కువ" అనో సరిపెట్టుకుంటారు. అమెరికాలో మాత్రం 2019లో వచ్చిన లెక్క ప్రకారం దాదాపు 10 లక్షల మందికి ఉంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఇంచుమించు మూడు రెట్లు. ఎక్కువగా బయటపడేది 20 నుంచి 40 ఏళ్ళ మధ్య. అంటే సరిగ్గా మనం వీసా స్టాంపింగ్ చేయించుకుని, విమానం ఎక్కి, ఉద్యోగమో సంసారమో మొదలుపెట్టే వయసు.

వలసకీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధం మీద ఒక పాత పరిశోధన చెప్పాలి. 1990లో ఇంగ్లండులో చూస్తే, భారత ఉపఖండం నుంచి వలసవెళ్ళిన పెద్దవాళ్ళలో ఎం.ఎస్. తక్కువే ఉంది. కానీ ఇంగ్లండులోనే పుట్టిన వాళ్ళ పిల్లల్లో మాత్రం అక్కడి జనంతో పాటే కనిపించింది. ఒక్క రక్తం మారలేదు, పుట్టి పెరిగిన చోటు మారింది. ఎండా, వైరస్సులా, మరోటా అని శాస్త్రవేత్తలు ఇంకా తవ్వుతూనే ఉన్నారు. దీంట్లో ఎవరి తప్పూ లేదు. కాకపోతే "మన వంశంలో లేదు, మన పిల్లలకి రాదు" అనే ధీమా పనికిరాదు.

పేపర్లో ఒక చిన్న ప్రకటన

1945 మే 1న న్యూయార్క్ టైమ్స్‌లో ఒక చిన్న ప్రకటన పడింది. ఎం.ఎస్. వచ్చి నయమైనవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి రాయండి అని దాని సారాంశం. వేయించింది సిల్వియా లారీ అనే అమ్మాయి. జబ్బు వాళ్ళ తమ్ముడు బెర్నార్డ్‌ది. నయమైనవాళ్ళ నుంచి కాదు గానీ, తమకీ అదే జబ్బని, ఏదైనా తెలిస్తే మాకూ చెప్పమని యాభైకి పైగా ఉత్తరాలు వచ్చాయి. మరుసటి ఏడు 1946లో ఆవిడ పెట్టిన సంఘమే ఇవాళ్టి నేషనల్ ఎం.ఎస్. సొసైటీ.

నాకు ఇందులో పట్టేసిన విషయం ఒకటుంది. ఆ ఉత్తరాలు రాసినవాళ్ళందరికీ డాక్టర్లు ఉన్నారు. లేనిది, ఇంటికొచ్చాక రోజూ ఎలా గడపాలో చెప్పే మనిషి. డాక్టరు ఏడాదికి రెండు మూడుసార్లు కనిపిస్తాడు. మిగతా రోజులన్నీ పేషెంటువే. ఆ మిగతా రోజుల్ని నడుపుకోవడాన్నే ఇప్పుడు సెల్ఫ్ మేనేజ్‌మెంట్ అంటున్నారు. 1970ల చివర స్టాన్‌ఫర్డ్‌లో కేట్ లోరిగ్ అనే ఆవిడ కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి క్లాసులు మొదలుపెట్టాక ఆ ఆలోచన ఒక పద్ధతిగా నిలబడింది. తన జబ్బుని తను చూసుకోవడం అంటే ఒంటరిగా చూసుకోవడం కాదు, పక్కన ఒకరు ఉండి నేర్పాలి అన్నది అందులో సారం.

మాట్లాడడం ఎక్కడ మొదలైంది

1951లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. ఏ మందు డాక్టరు చీటీ లేకుండా అమ్మొచ్చు, ఏది అమ్మకూడదు అని గీత గీసింది అదే. తెచ్చిన ఇద్దరు, కార్ల్ డర్హమ్, హ్యూబర్ట్ హంఫ్రీ, స్వయానా ఫార్మసిస్టులు. హంఫ్రీ తర్వాత దేశానికి వైస్ ప్రెసిడెంట్ కూడా అయ్యాడు. ఆ గీతతో మందుల మీద కాపలా పెరిగింది, కాపలాదారు నోటికి మాత్రం తాళం పడింది.

తాళం తీసినవాళ్ళలో ఇద్దరి సంగతి చెబుతాను. ఒకరు వర్జీనియాలో బెర్రీవిల్ అనే చిన్న ఊళ్ళో ఫార్మసిస్టు, యూజీన్ వైట్. 1960లో ఆయన తన షాపులోంచి సోడా ఫౌంటెన్, ఇతర సరుకులూ తీసేసి, డాక్టరు ఆఫీసులా మార్చేశాడు. ప్రతి కుటుంబానికీ ఒక కార్డు పెట్టి, ఎవరు ఏ మందు వాడుతున్నారు, ఏది పడదు అని రాయడం మొదలుపెట్టాడు. ఇవాళ మన పేరు చెప్పగానే ఫార్మసీ కంప్యూటర్లో తెరుచుకునే ప్రొఫైల్‌కి తాత ఆ కార్డు.

రెండోది ఇండియన్ హెల్త్ సర్వీస్. పేరు చూసి మన గురించి అనుకోకండి, అది ఇక్కడి మూలవాసులైన నేటివ్ అమెరికన్ల కోసం ప్రభుత్వం నడిపే ఆసుపత్రుల వ్యవస్థ. అక్కడి ఫార్మసిస్టులు పేషెంటుని విడిగా గదిలో కూచోబెట్టి మాట్లాడడం మొదలుపెట్టారు. ఉపన్యాసం ఇవ్వకుండా మూడే ప్రశ్నలు అడిగేవారు. ఈ మందు దేనికని డాక్టరు చెప్పారు? ఎలా వాడమన్నారు? వాడితే ఏం జరుగుతుందన్నారు? పేషెంటు చెప్పింది విని, ఎక్కడ ఖాళీ ఉందో అక్కడ పూరించేవారు. భాష వేరు, అలవాట్లు వేరు అయిన మనుషుల మధ్య పుట్టిన పద్ధతి ఇది. తర్వాత దేశమంతా ఫార్మసీ కాలేజీల్లో దీన్నే నేర్పారు. వలసవచ్చిన మనకి ఇది ఎందుకు దగ్గరగా అనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

1969లో పాత నియమం పోయింది. 1990లో హెప్లర్, స్ట్రాండ్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు ఫార్మసిస్టు బాధ్యత మందు అందించడంతో అయిపోదు, ఆ మందు పేషెంటుకి మేలు చేసిందా లేదా అన్నదాకా ఉంటుందని రాశారు. అదే ఏడాది నవంబరులో బడ్జెట్ చట్టం ఒకటి పాసైంది. దాన్ని ఓబ్రా-90 అంటారు. పేదల ఇన్సూరెన్స్ అయిన మెడికెయిడ్ ఖర్చు తగ్గించడానికి తెచ్చినదే అయినా, అందులో ఒక భాగం ఫార్మసీల్ని మార్చేసింది. మందు పేరు, వాడే తీరు, సైడ్ ఎఫెక్ట్స్, ఎలా భద్రపరచాలి, ఒక డోసు మర్చిపోతే ఏం చెయ్యాలి, మందు పనిచేస్తోందో లేదో ఇంట్లో తనకి తాను ఎలా గమనించుకోవాలి - ఇవన్నీ చెప్పడానికి ఫార్మసిస్టు ముందుకు రావాలి. చట్టం మెడికెయిడ్ పేషెంట్ల కోసమే, కానీ రాష్ట్రాలు వరసగా దాన్ని మిగతావాళ్ళకీ వర్తింపజేశాయి.

లాటరీలో మందు

1993లో వచ్చిన ఆ మొదటి ఎం.ఎస్. మందు పేరు బీటాసెరాన్. తయారీ తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. అందుకని పేషెంట్ల పేర్లు రాయించుకుని కంప్యూటర్ లాటరీ తీశారు. మన దగ్గర ఇళ్ళ స్థలాలకి డ్రా తీసినట్టు, ఇక్కడ మందుకి డ్రా!

మందు చేతికొచ్చాక అసలు పరీక్ష. పొడిని ద్రవంలో కలుపుకుని, రోజు విడిచి రోజు చర్మం కింద సూది వేసుకోవాలి. వేసుకున్న రాత్రి ఫ్లూ వచ్చినట్టు చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు. గుచ్చిన చోట ఎర్రగా వాపు. 1996లో ఇంకో రెండు వచ్చాయి, అవొనెక్స్ వారానికి ఒకసారి కండలోకి, కోపాక్సోన్ రోజూ చర్మం కిందికి. పేర్లలో మొదటి అక్షరాలు పట్టి వీటిని ఎ-బి-సి మందులు అనేవారు.

ఇక్కడ చిక్కు చూడండి. ఈ మందు వేసుకుంటే ఒళ్ళు బాగున్నట్టు ఏమీ తెలియదు. రేపు రావలసిన దెబ్బని ఇవాళ ఆపడమే దాని పని. రాని దెబ్బ కనిపించదు కదా, సూది నొప్పి మాత్రం ఇవాళే కనిపిస్తుంది. దాంతో చాలామంది ఎవరికీ చెప్పకుండా మానేసేవారు. ఆ సందులోకే ఫార్మసిస్టు వచ్చాడు. సూది రాత్రి పడుకునేముందు వేసుకుంటే జ్వరం నిద్రలో గడిచిపోతుంది. జ్వరం మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ముందే తెలిస్తే ఇంకా నయం. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచితే మంట తగ్గుతుంది. రోజూ ఒకే చోట గుచ్చితే చర్మం కింద కొవ్వు కరిగి గుంట పడుతుంది, చోట్లు మార్చి లెక్క రాసుకోవాలి. ఇవి చిన్న మాటలే. మందు కొనసాగేదీ ఆగిపోయేదీ ఈ చిన్న మాటల దగ్గరే.

2010 సెప్టెంబరులో మొదటి మాత్ర, గిలెన్యా వచ్చింది. సూది బాధ పోయింది కానీ ఫార్మసిస్టు పని పెరిగింది. మొదటి మాత్ర వేసుకున్నాక గుండె వేగం తగ్గొచ్చు కాబట్టి ఆరు గంటలు పర్యవేక్షణలో ఉండాలి. మధ్యలో కొన్నాళ్ళు ఆపి మళ్ళీ మొదలుపెడితే ఆ పర్యవేక్షణ మళ్ళీ కావాల్సి రావొచ్చు. ఇండియా వెళ్ళి రెండు వారాలు మాత్రలు మానేసి, తిరిగొచ్చి మామూలుగా వేసేసుకుంటే ప్రమాదమన్నమాట. 2012లో వచ్చిన ఆబాజియో గర్భం విషయంలో ప్రమాదం. ఇన్ని మందుల్లో ఎవరికేది, దేనితో ఏది పడదు అని చూడ్డానికి ఇప్పుడు కొన్ని చోట్ల ఎం.ఎస్. క్లినిక్‌లోనే ఫార్మసిస్టు కూచుంటున్నాడు. నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ అలాంటి చోటు.

ధర పెరిగింది, దారి హైదరాబాద్ నుంచి వచ్చింది

ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ ఫార్మసీ కాలేజీ పరిశోధకులు 2015లో ఒక లెక్క తీశారు. మొదట్లో ఏడాదికి 8,000 నుంచి 11,000 డాలర్లున్న ఎ-బి-సి మందులు, అప్పటికి ఏడాదికి సుమారు 60,000 డాలర్లకి చేరాయి. మందు పాతబడితే చవకవ్వాలి. ఇక్కడ కొత్త మందు వచ్చినప్పుడల్లా పాతదాని ధర కూడా పెరిగింది.

ఇక్కడే మనవాళ్ళు కథలోకి వస్తారు. గుంటూరు జిల్లావాడైన నన్నపనేని వెంకయ్య చౌదరి గారు ఆంధ్రా యూనివర్సిటీలో ఫార్మసీ చదివి, న్యూయార్క్ వచ్చి లాంగ్ ఐలాండ్ యూనివర్సిటీలో చదువుకుని, అమెరికా మందుల కంపెనీల్లో పనిచేసి, తిరిగి వెళ్ళి 1981లో హైదరాబాద్‌లో నాట్కో పెట్టారు. కోపాక్సోన్‌లో ఉండేది గ్లాటిరామర్. ఇజ్రాయెల్‌లో వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టింది. నాలుగు అమైనో ఆమ్లాల్ని వరస లేకుండా గొలుసులుగా అల్లిన మిశ్రమం. ఒకే అణువు కాదు కాబట్టి దాన్ని నకలు చెయ్యడం, నకలూ అసలూ ఒకటేనని నిరూపించడం మహా కష్టం. నాట్కో అమెరికన్ కంపెనీ మైలాన్‌తో కలిసి ఆ పని పట్టింది. పేటెంటు కేసులు ఏళ్ళ తరబడి నడిచాయి. 2017 అక్టోబరులో వాళ్ళ జనరిక్‌కి ఎఫ్.డి.ఎ. అనుమతి వచ్చింది.

ఇక్కడ కూడా కౌంటర్ దగ్గర మాట అవసరమే. బ్రాండ్ నుంచి జనరిక్‌కి మారినప్పుడు మందు ఒకటే అయినా, సూదిని గుచ్చిపెట్టే ఆటోఇంజెక్టర్ వేరు. పాతదానిలో కొత్త సిరంజి పెట్టకూడదు. ఇంకోటి, గ్లాటిరామర్ వేసుకున్న వెంటనే కొందరికి మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, ఛాతీ బిగిసినట్టు అవుతుంది. చాలావరకు అది కాసేపట్లో తగ్గిపోతుంది. కానీ 2025 జనవరిలో ఎఫ్.డి.ఎ. దీనికి అన్నిటికన్నా గట్టి హెచ్చరిక జోడించింది. అరుదుగా ప్రాణాంతకమైన అలర్జీ రావొచ్చని, మొదట్లో రెండూ ఒకలాగే ఉంటాయని. తగ్గకపోయినా, ముదురుతున్నా 911కి ఫోన్ చెయ్యాల్సిందే. ఏది ఏదో ముందే అడిగి తెలుసుకున్న ఇంట్లో ఆ నిమిషం వృథా కాదు.

"నో" నొక్కే మనం

ఇప్పుడు నా సంగతి. నేను గుంటూరులో బి.ఫార్మసీ చదివాను, నాలుగేళ్ళ కోర్సు, 2006 బ్యాచ్. విదేశీ ఫార్మసీ డిగ్రీల్ని పరిశీలించే ఇక్కడి బోర్డు, 2003 జనవరి 1 తర్వాత పాసైనవాళ్ళకి అయిదేళ్ళ కోర్సు ఉండాలంది. ఇక్కడి పిల్లలకి ఫార్మ్.డి. తప్పనిసరి చేసినప్పుడు మారిన రూలు ఇది. అందుకే మీరు న్యూజెర్సీలోనో డాలస్‌లోనో చూసే తెలుగు ఫార్మసిస్టుల్లో బి.ఫార్మసీతో వచ్చినవాళ్ళు నా సీనియర్లు, నా ఈడువాళ్ళలో చాలామంది టెక్నీషియన్లు. నేనూ టెక్నీషియన్‌నే. చట్టం ప్రకారం మందు గురించి సలహా చెప్పే హక్కు నాకు లేదు. "ఫార్మసిస్టుతో మాట్లాడతారా?" అని అడిగే హక్కు మాత్రం ఉంది.

రోజూ అడుగుతాను. కార్డు గీకే పరికరం మీద కూడా అదే ప్రశ్న వస్తుంది. మనవాళ్ళు దాదాపు అందరూ చూడకుండానే "నో" నొక్కి సంతకం పెట్టేస్తారు. వెనక లైను ఉంది, పార్కింగ్‌లో పిల్లాడు ఏడుస్తున్నాడు, ఇంగ్లీషులో జబ్బు గురించి మాట్లాడ్డం సిగ్గు. ఊళ్ళో మెడికల్ షాపులో చీటీ ఇస్తే మందు ఇస్తారు, మాటలుండవు అన్న అలవాటు కూడా ఉంది. నలభై ఏళ్ళు పోరాడి తెచ్చుకున్న హక్కు అది అని ఎవరికీ తెలియదు. ఆ బటన్ వెనక యూజీన్ వైట్ కార్డులున్నాయి, మూడు ప్రశ్నలున్నాయి, ఒక చట్టం ఉంది.

ఎం.ఎస్. లాంటి జబ్బులో భయం ఇంకోటుంది: ఆఫీసులో తెలిస్తే? హెచ్-1బి ఏమవుతుంది? ఫార్మసిస్టు మీ జబ్బు సంగతి మీ యజమానికి చెప్పడానికి వీల్లేదు. 1996 నాటి హిపా చట్టం కింద అది గోప్యం. 1990 జూలైలో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం పౌరులకే కాదు, ఇక్కడ పనిచేసే మనకీ వర్తిస్తుంది. ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ వెంటనే పోకుండా కోబ్రా కింద సాధారణంగా 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు, ప్రీమియం అంతా మనమే కట్టాలి. ఈ మధ్య గ్యాపులో మందు ఆగకుండా ఏం చెయ్యాలో, కంపెనీల సహాయ పథకాలు ఏమున్నాయో కౌంటర్ వెనక ఉన్నవాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

అడగాల్సినవి నాలుగు చెబుతాను. ఒక డోసు తప్పితే ఏం చెయ్యాలి? ఏ లక్షణానికి ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఇండియా వెళ్తున్నాను, ముందుగా ఎక్కువ మందు ఇస్తారా? దాన్ని వెకేషన్ ఓవర్‌రైడ్ అంటారు, చాలా ప్లాన్లలో ఉంటుంది. నాలుగోది, ఇంట్లో వాడే అశ్వగంధ, ఊరి నుంచి తెచ్చుకున్న పొడులూ మాత్రలూ దీనితో పడతాయా? కొన్ని ఎం.ఎస్. మందులకి లివర్ పరీక్షలు తప్పనిసరి, అశ్వగంధతో లివర్ దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి, కాబట్టి దాచకండి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళకి ఇంగ్లీషు రాకపోతే ఫోన్ మీద తెలుగు దుబాసీని అడగండి, డబ్బు తీసుకోరు. భాష రానివాళ్ళకి సాయం చెయ్యాల్సిందేనని 2008లో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆఫీసు పెద్ద పెద్ద చైన్ ఫార్మసీలతో ఒప్పందాలు రాయించుకుంది. అదీ ఎవరో అడిగితేనే వచ్చింది.

ఇదంతా పనికొస్తుందా అంటారా? నార్త్ కరోలినాలో ఆష్‌విల్ అనే ఊరు 1996లో తన ఉద్యోగుల్లో షుగరు ఉన్నవాళ్ళని నెలనెలా ఫార్మసిస్టుతో కూచోబెట్టింది, మందుల కోపే మాఫీ చేసింది. షుగరు అదుపులోకొచ్చింది, సెలవులు తగ్గాయి, మొత్తం వైద్యం ఖర్చు కూడా తగ్గింది. షుగరు వేరు, ఎం.ఎస్. వేరు. రెండిట్లోనూ రోజూ మందు వేసుకునేది పేషెంటే, పక్కన కావలసింది మాట్లాడే మనిషే.

గల్ఫ్‌లో వింటున్న అన్నలూ, అక్కలూ, మీ దగ్గర చట్టం వేరేగా ఉండొచ్చు, ప్రశ్నలు మాత్రం ఇవే. ఇండియాలో కూడా 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లో పేషెంటుతో మాట్లాడడం ఫార్మసిస్టు విధి అని రాసుంది. ఊరెళ్ళినప్పుడు అక్కడా అడగండి. అడిగేవాళ్ళుంటేనే చెప్పేవాళ్ళు తయారవుతారు.

ఈసారి ఆ పరికరం మీద ప్రశ్న కనిపిస్తే "ఎస్" నొక్కండి. అయిదు నిమిషాలు ఆలస్యమవుతుంది, కానివ్వండి. వచ్చే వారం కలుద్దాం, ఒంట్లో జాగ్రత్త.